కృష్ణవేణమ్మ పదహారు గళ్ళు

ఆత్మకూరుకు ఏడు కిలోమీటర్ల దూరంలో, నల్లమల కొండలు ఎదురుగా కనిపించే ఊళ్ళో కృష్ణవేణమ్మది పిండి మిషను. వయసు నలభై ఆరు. చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. ఆగింది అనడం మర్యాదకు, ఆపేశారు అనడం నిజం. రాయచోటి వైపు నుంచి పద్దెనిమిదో ఏట కోడలిగా ఈ ఊరికి వచ్చింది. మామ పోయాక మిషను ఎవరు నడపాలన్న మాట వచ్చింది. భర్త ఓబులేసు ట్రాక్టరు వదిలి రానన్నాడు. అప్పుడు తనే బెల్టు తగిలించి స్విచ్చి వేసింది. ఆడమనిషి మిషను నడిపితే వేళ్ళు పోగొట్టుకుంటుందని ఊరంతా జాలిపడింది. ఇరవై ఏళ్ళయింది. పది వేళ్ళూ ఉన్నాయి. జాలిపడినవాళ్ళంతా జొన్నలు అక్కడే పట్టించుకుంటున్నారు.

మిషను పక్కన అన్నేళ్ళు నిలబడితే చెవులు మొద్దుబారతాయంటారు. కృష్ణవేణమ్మ చెవులు మాత్రం పదునెక్కాయి. రాళ్ళ మధ్య కొర్రలు పడుతున్నాయో రాగులు పడుతున్నాయో వెనక్కి తిరక్కుండానే చెప్పేస్తుంది. గింజ అయిపోవస్తుంటే చప్పుడు ఎలా మారుతుందో, ఎదుటి మనిషి గొంతు మారినంత స్పష్టంగా ఆమెకు తెలుస్తుంది. ఆ చెవుల వల్లే ఆమెకు పేరు వచ్చింది, దానికి ముందు ఒక తగాదా వచ్చింది. ముందు తగాదా సంగతి చెప్పాలి.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళ చెక్కభజన జట్టు ఉంది. మొత్తం పదమూడు మంది, అందులో కృష్ణవేణమ్మ ఒకతె. కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, చేతిలో చెక్కలు పట్టుకుని, గుండ్రంగా నిలబడి మెల్లగా అడుగు మొదలుపెడతారు. పాట సాగేకొద్దీ జోరు పెంచుతారు. పాట అంగన్‌వాడీ టీచరు శిల్పది. అడుగులో అందరికీ పెద్ద మద్దిలేటమ్మ. అరవై రెండేళ్ళున్నా ఎవరికీ తీసిపోదు. మద్దెల మాత్రం పక్క ఊరి దేవేంద్రప్పది. చేయి మంచిది, ఆ మాట ఒప్పుకుని తీరాలి. నోరు మంచిది కాకపోవడం ఆయన ఖర్మ కాదు, జట్టు ఖర్మ.

ఉగాదికి ముందు ఆత్మకూరులో చెక్కభజన పోటీ. ఇంకా ఇరవై మూడు రోజులుందనగా ఒక సాయంత్రం అభ్యాసం మధ్యలో మద్దిలేటమ్మ చేయెత్తింది.

"రవ్వంత నిదానం చెయ్యప్పా, ఊపిరి అందల్యా."

దేవేంద్రప్ప నిదానం చేయలేదు. నవ్వి, ఇంకా జోరు పెంచాడు. మద్దిలేటమ్మ కాలు మెలికపడి నేల మీద కూలబడింది. కృష్ణవేణమ్మ చెక్కలు పక్కన పడేసి ఒంటికాలి మీద లేచింది.

"పెద్దమ్మ అడిగింది ఇనపల్యా నీకు?"

"మద్దెల ఎట్ల పోతే కాళ్ళు అట్ల రావాల," అన్నాడు దేవేంద్రప్ప. "కాళ్ళను చూసి వాయించేది మా గురువు నాకు నేర్పల్యా."

"నేర్పకుంటే ఇప్పుడు నేర్చుకో."

పదమూడు మంది ఆడవాళ్ళ ముందు ఆ మాట పడేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. మద్దెల భుజాన వేసుకుని, "నేను ల్యాకుండా పోటీకి ఎట్ల పోతారో చూస్తా" అని వెళ్ళిపోయాడు. వెళ్ళి ఊరుకోలేదు కూడా. చుట్టుపక్కల మద్దెల వాయించేవాళ్ళందరికీ ఫోన్లు చేసి, ఆ ఆడోళ్ళ జోలికి పోవద్దని చెప్పాడు. శిల్ప నలుగురిని అడిగి చూసింది. ఒకరింట్లో పెళ్ళట, ఒకరికి జ్వరమట, మిగిలిన ఇద్దరూ ఫోనే ఎత్తలేదు.

"ఈ యేటికి మానుకుందాం వదినా," అంది శిల్ప.

"మానుకుంటే ఆయప్ప అన్నమాటే నిజమైతాది. నేను మానుకోను."

"ఇరవై దినాల్లో మద్దెల నువ్వు నేర్చుకుంటావా?"

మర్నాడు మధ్యాహ్నం కృష్ణవేణమ్మ మిషను ఆపేసి ఆత్మకూరు బస్సెక్కింది.

బస్టాండు ఎదురుగా శిరీన్‌ది ఫోన్లు బాగుచేసే అంగడి. గడియారాలు రిపేరు చేసే తండ్రి పక్కన కూర్చుని చిన్నప్పుడే పని పట్టుకున్న మనిషి. ఇప్పుడు ముప్పై ఏళ్ళుంటాయి.

"అమ్మీ, ఫోన్లో మద్దెల దొరుకుతాదా?" అని అడిగింది కృష్ణవేణమ్మ.

శిరీన్ నవ్వలేదు. నవ్వకపోవడంతోనే ఆమె మీద కృష్ణవేణమ్మకు నమ్మకం కుదిరింది.

"మద్దెల దొరకదు గానీ, చప్పుళ్ళు పేర్చుకునే యాప్ ఉండాదక్కా. కంప్యూటర్లో పాటలు తయారుచేసేటోళ్ళు మొదట ఇట్లాంటివే పట్టుకుంటారంట. నాకు పాటల సంగతి తెల్దు, ఫోను సంగతి తెల్సు."

తెర మీద పదహారు గళ్ళు వచ్చాయి. ఒక్కో గడి తడితే ఒక్కో చప్పుడు. ఆ చప్పుళ్ళను వరసగా పేర్చి వదిలితే అదే తిరుగుతూ మోగుతుంది. నిమిషానికి ఎన్ని దెబ్బలు పడాలో పైన అంకె వేసి చెప్పాలి. గంటసేపు ఇద్దరూ దాని మీదే తల వంచుకుని కూర్చున్నారు. ఛార్జింగు పిన్నుల కోసం వచ్చినవాళ్ళు చూసి చూసి పక్క అంగడికి పోయారు.

ఆ సాయంత్రం జట్టు మొదటిసారి ఆ దరువు విని పగలబడి నవ్వింది. యాప్‌లో ఉన్నవన్నీ ఎక్కడెక్కడి డ్రమ్ముల చప్పుళ్ళో. "వినాయకుణ్ణి నీళ్ళలో కలిపేదానికి పోతాండే లారీ మాదిరి ఉండాది" అంది మద్దిలేటమ్మ, మెలికపడిన కాలికి ఆవనూనె రాసుకుంటూ. కృష్ణవేణమ్మకు రోషం వచ్చింది. అయితే ఆ చప్పుళ్ళు మనకు పనికిరావు, మన చప్పుళ్ళే పెట్టుకుందామని తీర్మానించింది.

మర్నాటి నుంచి మిషను దగ్గర కొత్త వేడుక. నిండు జొన్నమూట దబ్బున నేల మీద పడేస్తే వచ్చే చప్పుడు మద్దెల ఎడమవైపు మోతకు దగ్గరగా ఉంది. ఖాళీ నూనె డబ్బా అడుగు మీద రెండు వేళ్ళతో కొడితే కుడివైపు పలుకు. ఇనుప జల్లెడ విదిలిస్తే గజ్జెల మోత. ఒక్కొక్కటీ ఫోన్లో పట్టాలంటే మిషను ఆపాలి, పిండికి వచ్చినవాళ్ళు నోళ్ళు మూసుకోవాలి. మన ఊళ్ళలో రెండోది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. "రెండు నిమిషాలు గమ్మున ఉండండి, లేకుంటే మీ జొన్నలు మీరే ఇసురుకోండి" అని కృష్ణవేణమ్మ కసిరితే తప్ప ఎవరూ ఆగలేదు.

ఓబులేసు గడపలో నిలబడి చూసి, "మిషనుకు సంగీతం నేర్పుతాండావా ఏమే?" అన్నాడు.

"నీకు నేర్పేదానికన్నా సులువు," అంది.

మొదట ఫోను మూట పక్కనే పెట్టింది. చప్పుడంతా బరబరమని పగిలిపోయింది. మూరెడు జరిపితే పగుళ్ళు తగ్గాయి, రెండు మూరలు జరిపితే నిండుగా వచ్చింది. ప్రతి చప్పుడుకూ ముందు కొంత ఖాళీ పడుతోందని, దాన్ని కత్తిరించకపోతే దెబ్బ వెనకబడుతోందని ఆమె చెవులే పసిగట్టాయి. తెర మీద వేలితో ఆ ఖాళీని గోకి గోకి తీసేసింది. వారం తిరిగేసరికి పదహారు గళ్ళూ నిండాయి.

అప్పుడు పాటంతటికీ దరువు పేర్చింది. మొదట నిమిషానికి తొంభై దెబ్బలు, ఆపైన నూట పది, చివరికి నూట ముప్పై. ఒకసారి మీట నొక్కితే పదకొండు నిమిషాలు దానంతటదే మోగుతుంది. గర్వంగా తీసుకొచ్చి జట్టు ముందు పెట్టింది. నూట పదికి ఎగిరినప్పుడే నలుగురు అడుగు తప్పారు. నూట ముప్పై వచ్చేసరికి మద్దిలేటమ్మ రొప్పుతూ పక్కకు తప్పుకుంది. చేయెత్తి నిదానం చేయమనడానికి అక్కడ మనిషే లేడు. అందరూ ఆగిపోయాక కూడా అది మోగుతూనే ఉంది.

కృష్ణవేణమ్మ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేకపోయింది. పది రోజులు కష్టపడి తను తయారుచేసింది ఇంకో దేవేంద్రప్పను. ఆ ఆలోచనకు ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

పేర్చినదంతా ఆమె చెరిపేసింది. పదహారు గళ్ళు మాత్రం ఉంచుకుంది. ఇక ముందే పేర్చి వదలడం లేదు. కాళ్ళను చూస్తూ, ఆ గళ్ళను తన వేళ్ళతోనే తట్టి వాయిస్తుంది. మిషను తిరుగుతున్నంతసేపూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సాధన చేసింది. పిండి తీసుకుపోయేవాళ్ళు పిచ్చి పట్టిందేమోనని తొంగి చూశారు. వాళ్ళనెవరినీ ఆమె పూచికపుల్లకు లెక్కచేయలేదు.

ఇయర్‌ఫోన్లలో చక్కగా పలికిన దరువు, శిల్ప తెచ్చిన బ్లూటూత్ బాక్సుకు కలిపితే మళ్ళీ చెడింది. వేలు ఇప్పుడు తడితే దెబ్బ కాసేపాగి పడుతోంది. రెండు రోజులు తన వేళ్ళనే తిట్టుకుంది. మూడో రోజు కళ్ళు మూసుకుని విని, తప్పు వేళ్ళది కాదని తేల్చుకుంది. శిరీన్‌కు ఫోను చేసింది.

"గాలిలో పోయి రావాల కదక్కా, అందుకే ఆలస్యం," అంది శిరీన్. "వైరు తగిలించు, సరిపోతాది."

వైరు తగిలిస్తే సరిపోయింది. పోటీకి ఇంకా ఆరు రోజులుంది.

ఆత్మకూరులో పందిరి వేశారు. పద్నాలుగు జట్లు వచ్చాయి. వీళ్ళ పేరు పిలవగానే కృష్ణవేణమ్మ చిన్న బల్ల మీద ఫోను పెట్టి వైరు తగిలిస్తుంటే, కమిటీ పెద్దమనిషి మైకు పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఫోన్లో పాటలు పెట్టుకుని ఆడేదానికి రూలు ఒప్పుకోదమ్మా. వాయిద్యం ఉండాల."

ముందు వరసలో దేవేంద్రప్ప కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఆయన వేరే జట్టుకు వాయించాడు. కృష్ణవేణమ్మ బల్ల దగ్గర నుంచి కదలలేదు.

"ఇది పాట కాదు సార్. నేను చెయ్యి తీస్తాను. తీసినాక మోగితే, మేమే దిగిపోతాం."

నాలుగు దెబ్బలు తట్టి చేయి పైకెత్తింది. మోత ఆగిపోయింది. "ఇప్పుడు మీరు తట్టండి" అంది. ఆయన మొహమాటంగా ఒక గడి మీద వేలు పెట్టాడు. జొన్నమూట దబ్బున పడ్డంత మోత వచ్చింది. జనం నవ్వారు. ఆయన ఇంకో గడి కూడా తట్టి చూశాడు. వెళ్ళి కమిటీవాళ్ళతో గుసగుసలాడి తిరిగొచ్చాడు.

"ఆడండి. మార్కులు మాత్రం ఎయ్యం."

"మార్కులు మీకాడే పెట్టుకోండి," అంది కృష్ణవేణమ్మ. "ఆడకుండా మాత్రం పోము."

శిల్ప పాట ఎత్తుకుంది. పన్నెండు జతల కాళ్ళు కదిలాయి. కృష్ణవేణమ్మ ఫోను వైపు చూడలేదు, మద్దిలేటమ్మ పాదాల మీదే చూపు నిలిపింది. ఆ పాదం నేల వదిలే వేళకు దెబ్బ, తాకే వేళకు దెబ్బ. మధ్యలో పెద్దమ్మకు ఊపిరి ఆడటం లేదని భుజాలు చెప్పాయి. దరువు నిదానమైంది. ఆమె తేరుకోగానే మళ్ళీ మెల్లగా పెరిగింది. చెమటకు వేలు జారి రెండుసార్లు గడి పలకలేదు. ఆ ఖాళీలో పన్నెండు మంది చెక్కలు ఒక్కటిగా మోగి దెబ్బను నింపాయి.

చివరి చరణం వచ్చింది. ఇక పెంచనక్కర్లేదని కృష్ణవేణమ్మ అనుకుంటుండగా, మద్దిలేటమ్మ ఆమె కళ్ళలోకి చూసి గడ్డం ఎగరేసింది. ఇంకా రానీ అన్నట్టు. పెంచింది. మళ్ళీ గడ్డం ఎగరేసింది. మళ్ళీ పెంచింది. దేవేంద్రప్ప ఏనాడూ వాయించనంత జోరుకు పోయారు. ఒక్క అడుగు తప్పలేదు. జనం లేచి నిలబడ్డారు. కృష్ణవేణమ్మకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే వాయించింది.

బహుమతుల్లో వాళ్ళ పేరు లేదు. పందిరి వెనక గజ్జెలు విప్పుకుంటూ ఉంటే దేవేంద్రప్ప వచ్చాడు.

"బాగానే చేసినావు లేమ్మా. ఆ ఆటబొమ్మ ఎన్నాళ్ళు పనిచేస్తాది గానీ, వచ్చే యేటికి నేనే వస్తాలే."

శిల్ప ముఖంలో కొంచెం ఆశ కనిపించింది. ఎంతైనా ఆయన చేయి మంచిది, పైగా వచ్చే ఏడాది మార్కులు కూడా పడతాయి. అందరూ కృష్ణవేణమ్మ వైపు తిరిగారు. ఆమె వైరు చుట్ట చుట్టి సంచిలో పెట్టుకుంది.

"రా అప్పా, వద్దనేదెవురు," అంది. "గజ్జెలు కట్టుకోని, చెక్కలు పట్టుకోని, మద్దిలేటమ్మ పెద్దమ్మ ఎనక నిలబడు. వాయించేది నేను."