తొంభై ఒక్క వేలు చూపిన మీటరు

2001 జూలైలో నన్ను విశాఖపట్నం హార్బరు దగ్గర వాహనాల షెడ్డుకు డిప్యూటీ ఇంజినీరుగా వేశారు. ఓడల నుంచి సరుకు దించే ప్రైవేటు కంపెనీ అది. పేరు ఇక్కడ అనవసరం. ఫోర్కులిఫ్టులు, లోడర్లు, టిప్పర్లు చూసుకోవడం నా అసలు పని. దానితోపాటు ఎవరికీ అక్కర్లేని పని ఇంకొకటి నా నెత్తిన పెట్టారు. ఆఫీసర్ల కోసం అద్దెకు తీసుకున్న కార్ల ట్రిప్ షీట్ల మీద నెలాఖరున సంతకం చేయడం.

ట్రిప్ షీటు అంటే కారు ప్రయాణాల రోజువారీ పత్రం. బయల్దేరినప్పుడు మీటరు ఎంత, తిరిగి వచ్చాక ఎంత, ఎక్కడికి వెళ్లింది, ఎవరు వాడారు అన్నవన్నీ అందులో ఉండాలి. వాడిన ఆఫీసరు ముందు సంతకం చేయాలి. ఆ తర్వాత కంట్రోలింగ్ ఆఫీసరుగా నేను షెడ్డుకు వెళ్లి, మీటరు సరిచూసి సంతకం చేయాలి. ఇది నియమం. ఆచరణలో ఆఫీసర్లు నెలకు సరిపడా ఖాళీ షీట్ల మీద ఒకేసారి సంతకాలు గిలికి డ్రైవరు చేతిలో పెట్టేవారు. అంకెలు కాంట్రాక్టరు మనిషి తర్వాత పూరించేవాడు. నేను మీటరు చూడడానికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. టీ తాగుతూ కట్ట మొత్తం ముగించేవాణ్ని. ఇదీ నా పర్యవేక్షణ.

కార్లు ఇచ్చే కాంట్రాక్టరు కొండలరావుది సబ్బవరం. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అని పిలిచేవాడు. నేనూ పిలవనిచ్చాను.

2004లో కంపెనీ తన సొంత డ్రైవర్లను స్వచ్ఛంద విరమణ పేరుతో ఇంటికి పంపింది. అందులో స్వచ్ఛందం ఎంతో ఆ డ్రైవర్లనే అడగాలి. వారిలో దేవదానం ఒకడు. నేను వచ్చిన రోజు నుంచి నా జీపు నడిపినవాడు. యాభై దాటిన మనిషి. ఆదివారం చర్చికి తప్ప ఏనాడూ సెలవు అడగలేదు. చేతికొచ్చిన సొమ్ముతో కారు కొని, దువ్వాడ స్టేషను దగ్గర టాక్సీగా తిప్పుకుందామనుకున్నాడు. కొండలరావు తన పాత కారు ఒకటి అమ్ముతానన్నాడు. అది పెట్రోలుతోనూ గ్యాసుతోనూ నడిచే బండి. స్టీరింగు కింద స్విచ్చి నొక్కితే ఇంధనం మారుతుంది. డ్రైవర్లు దాన్ని టూ-ఇన్-వన్ అనేవారు. గ్యాసుతో ఖర్చు తక్కువ కాబట్టి టాక్సీవాళ్లకు అలాంటి బండ్లంటే మోజు. మీటరు తొంభై ఒక్క వేల కిలోమీటర్లు చూపిస్తోంది.

“మీరోపాలి సూసి సెప్పండి సార్. తీసుకోమంటే తీసుకుంతాను, వొద్దంటే వొగ్గేత్తాను. ఇది పోతే మరి నా కాడ ఏటీ నేదు,” అన్నాడు దేవదానం.

చూడడం మాత్రం పద్ధతిగానే చూశాను. నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో గేజి బిగించి, స్టార్టరు తిప్పించాను. సిలిండరులో ఒత్తిడి, అంటే కంప్రెషను, ఎంత నిలుస్తుందో దీంతో తెలుస్తుంది. నాలుగూ దాదాపు సమానంగా, బాగా వచ్చాయి. దేవదానం ముఖం వికసించింది. నాకు మాత్రం సిలిండర్లను పైనుంచి మూసే హెడ్డు బోల్టుల మీద స్పానరు పెట్టిన తాజా గీతలు కనిపించాయి. గ్యాసు పొడిగా మండుతుంది. వాల్వులు ఆనే అంచులు దానివల్ల త్వరగా అరుగుతాయి. అమ్మకానికి ముందు హెడ్డు విప్పి వాటిని చక్కబెట్టారన్నమాట. అరగంట నడిపి, ఇంజిను వేడెక్కాక ఆయిల్ ప్రెషరు చూశాను. ముల్లు బాగా కిందికి దిగిపోయింది. ఇరుసులా తిరిగే క్రాంకు బేరింగులు అరిగిపోయిన ఇంజినులో అలా జరుగుతుంది. క్లచ్చి పెడలు మీద రబ్బరు పోయి ఇనుము మెరుస్తోంది. తొంభై ఒక్క వేలకు బండి ఇంత అరగదు. ఆ సమయానికి దేవదానం నాకోసం టీ తేవడానికి వెళ్లాడు.

మర్నాడు ఆఫీసులో ఆ కారు పాత షీట్లు తీయించాను. రెండు నెలల కిందటి వరకూ అది మా అద్దెలోనే ఉంది. నేను సంతకం చేసిన ఆఖరి షీటులో మీటరు లక్షా ఎనభై నాలుగు వేలు. కొండలరావును పిలిచి అడిగాను. అతను దాచలేదు, నవ్వాడు.

“మీటరు నిజమంటే నీ కాయితాలు అబద్దం బావా. కాయితాలు నిజమంటే అన్నేసి కిలోమీటర్లు బండెక్కడ తిరిగిందో మీ ఆడిటోళ్లు అడుగుతారు. పెళ్లిళ్లకీ అరకుకీ తిప్పి మీ కంపెనీ లెక్కలోనే రాసినాం, నీకు తెల్దేటి? ఆ దేవదానానికేటి సెప్తావో నీ ఇష్టం,” అన్నాడు.

నాకు తెలియదు. తెలుసుకోవలసిన ఉద్యోగం మాత్రం నాదే. మీటరు వెనక్కి తిప్పారని దేవదానానికి చెబితే, ఎలా తెలుసు అన్న ప్రశ్నకు షీట్లు చూపాలి. అవి బయటికొస్తే విచారణ, ఛార్జిషీటు, వచ్చే ఏప్రిల్‌లో రావలసిన ప్రమోషను గల్లంతు. షీట్ల ఊసెత్తకుండా ఆయిల్ ప్రెషరు ఒక్కటీ చెప్పినా సరిపోయేది. ఇది ఇప్పుడు తోచిన మాట కాదు, అప్పుడే తోచింది. చెబితే దేవదానం బేరం మానుకుంటాడు, మానుకుంటే కొండలరావు నన్ను వదలడు. భయపడ్డాను. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

కంప్రెషను బాగుందని దేవదానానికి చెప్పాను. మీటరు నమ్మొచ్చా అని అడిగాడు. పాత బండిని ఇంజిను చూసి కొనాలి గాని మీటరు చూసి కాదన్నాను. విడివిడిగా తీసుకుంటే ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అలా ఏరుకుని మాట్లాడినందుకే నామీద నాకు ఎక్కువ అసహ్యం.

కొన్నాడు. ఐదో నెలలో ప్రయాణికులతో గాజువాక దాటుతుండగా క్రాంకు విరిగింది. బాగు చేయించే స్తోమత లేక తుక్కు కింద అమ్మేశాడు. ఆ తర్వాత కొండలరావు దగ్గరే జీతానికి చేరాడు. కొండలరావు అతన్ని మా కంపెనీకే ఇచ్చిన ఒక అద్దె కారు మీద వేశాడు. ఆ నెలాఖరున ట్రిప్ షీట్లు పట్టుకుని నా బల్ల ముందుకు వచ్చాడు. బండి అలా అవుతుందనుకోలేదని ఏదో గొణిగాను.

“ఆ బండి కాయితాల మీద సంతకాలు మీయే గదా సార్. ఎంత తిరిగిందో మీకు తెల్సనే మీ కాడికొచ్చేను. ఇంకెవుల్నీ అడగనేదు,” అన్నాడు. గొంతులో కోపం లేదు. షీట్లు బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

ఆ రోజు మొదటిసారి షెడ్డుకు వెళ్లి మీటరు చూశాను. అతను రాసిన అంకెకూ మీటరుకూ ఒక్క కిలోమీటరు తేడా లేదు. వెనక్కి వచ్చి సంతకం చేశాను.

ప్రమోషను ఆ ఏప్రిల్‌లో వచ్చింది. రిటైరయ్యాక తెలిసినవాళ్లు పాత కార్లు చూసిపెట్టమని పిలుస్తుంటారు. నేను వెళ్లను. బండిని చూడడం నాకు బాగా తెలుసు. చూసింది చూసినట్టు చెప్పడం వేరే పని. అది నాకు చేతకాదని ఆ కారుతో తేలిపోయింది.