చెల్లికి తన శ్రుతి తెలియదు

రేపు మా చెల్లికి సంగీతం మొదటి గ్రేడు పరీక్ష. ఈ సాయంత్రం గోపాలపట్నంలో టీచరుగారి ఇంట్లో నమూనా పరీక్ష జరిగింది. "నీ శ్రుతి ఎంతమ్మా?" అన్నదే మొదటి ప్రశ్న. చెల్లి బిక్కమొహం వేసింది. ఎవరి గొంతుకి తగ్గ శ్రుతి వాళ్లకుంటుంది; తను మాత్రం ఇన్నాళ్లూ క్లాసులో అందరితో కలిసి, పెట్టిన శ్రుతికే పాడింది. ఇవాళ ఒక్కతే పాడబోతే పైషడ్జం, అదే పై 'స' దగ్గర గొంతు చీలిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "అందరినీ మందలా పాడించి, పరీక్ష మాత్రం విడివిడిగా పెడతారా? ఇది చదువా, ఫ్యాక్టరీయా?" అని లేచాను. చెల్లి నా చొక్కా పట్టి లాగింది.

"అన్నియ్యా, నువ్వు కూకో! నాను గొంతు ఎతుక్కుంతన్నాను. నీ అరుపులకి ఉన్నది కూడా పారిపోతంది."

కూర్చున్నాను. టీచరుగారు శ్రుతిపెట్టెలో శ్రుతిని కొద్దికొద్దిగా దించుతూ పోయారు. నాలుగున్నర శ్రుతి దగ్గర చెల్లి "ఇదే మేడమ్" అంది. పైషడ్జం అందింది. కానీ అలవాటు కొద్దీ మధ్యమధ్యలో పాత శ్రుతికి ఎగబాకుతూనే ఉంది. ఒక్క రాత్రిలో ఆ అలవాటు పోతుందా?

ఇప్పుడు పక్కగదిలో సాధన చేస్తోంది. తను తడబడినప్పుడల్లా నేను లేచి గుమ్మం దాకా వెళ్లి వస్తున్నాను. పరీక్షలే వద్దని వాదించేవాణ్ణి, రేపు పరీక్ష గది బయట నోరు మూసుకుని ఎలా నిలబడాలో అనుభవమున్న అన్నలెవరైనా చెప్పండి.