రాజయ్య చదివిన నార్మన్ వంశం

తొంభైల్లో ఆఫీసు పని మీద బహ్రెయిన్‌లో మూడు నెలలున్నాను. అక్కడి సిత్రా అనే ఊళ్లో, సైట్ ఆఫీసులో నా పక్క టేబుల్ పీటర్ అనే ఇంగ్లీషు ఇంజనీరుది. మధ్యాహ్నం భోజనం కాగానే తమ వంశవృక్షం కాగితం పరిచి, పేర్లు పైకి చదువుకునేవాడు. వాళ్ల పూర్వీకులు ఎప్పుడో తొమ్మిది వందల ఏళ్ల కిందట నార్మండీ నుంచి ఇంగ్లండు వచ్చిన ప్రభువులట. నాకు మా ముత్తాత పేరే తెలియదు.

ఆ వంశం ఒకచోట కొడుకుల్లేక ఆగిపోయింది. తర్వాత అదే కోటలో, అదే ఇంటిపేరుతో రాబర్ట్ అనే అతను కనిపిస్తాడు. అతను ఎవరి కొడుకో పీటర్‌కు ఏళ్లుగా అంతుపట్టలేదు.

మాకు టీ తెచ్చే రాజయ్యది జగిత్యాల వైపు. ఒకరోజు సంగతేమిటని అడిగితే చెప్పాను.

"కొడుకుల్లేని ఆ పెద్దాయినకు ఆడపిల్లలున్నరా సార్?"

"ఒక్కతే ఉందట."

"గట్లయితే రాబర్ట్ ఇల్లరికపుటల్లుడై ఉంటడు. మామ ఇంటిపేరు పెట్టుకున్నడు. మా తాతలు ఊరూరు తిరిగి వంశాలు చెప్పెటోళ్లు సార్. వంశం తెగినకాడ ఆడబిడ్డ సంగతి అడగాలె అంటుండె మా నాయిన."

ఆ మాట పీటర్‌కు ఇంగ్లీషులో చెప్పాను. అతను నవ్వలేదు. ఆ రోజే ఇంగ్లండులో పాత రికార్డులు చూసే ఆఫీసుకు ఉత్తరం రాశాడు. నెలకు జవాబొచ్చింది. రాబర్ట్ అల్లుడే, ఆ కూతురి పేరు ఆవిస్.

రాజయ్య ట్రే కింద పెట్టి, ఆ పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత కళ్లు మూసుకొని, రోజూ టీ పోస్తూ విన్న పేర్లన్నీ మూలపురుషుడి నుంచి వరసగా రాగం తీసి చదివాడు. ఆవిస్‌ను ఆమె చోట నిలిపి, పీటర్ దాకా వచ్చి ఆగాడు.

కాగితం మీద పీటర్ వేలు వెంట వెంటే నడిచింది. ఒక్క పేరూ తప్పలేదు.

పీటర్ లేచి తన కుర్చీ రాజయ్య వైపు జరిపాడు. ఆ ఆఫీసులో రాజయ్య కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి.