దీక్షలో ఒక మాత్ర

నల్లగొండ దిక్కు నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడ్డ అంతయ్య సగం జీవితం లారీ నడిపాడు. గుండెనొప్పి మొదలయ్యాక స్టీరింగ్ వదిలేసి పంక్చర్ దుకాణం పెట్టుకున్నాడు. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె రోజుల్లో చౌరస్తా దగ్గర రిలే దీక్షల టెంటు వెలిస్తే, భార్య ఈరమ్మ వద్దంటున్నా వెళ్లి దండ వేయించుకుని కూర్చున్నాడు.

ఈరమ్మ భయం సమ్మె గురించి కాదు. సరూర్‌నగర్ డాక్టర్ చెప్పిన మాటలు ఆమె మరచిపోలేదు. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారు చేస్తుంది. దానివల్లే నాళాలు వదులై నెత్తురు సాఫీగా పారుతుంది. అంతయ్య బీడీలు ఆ పొరను పాడుచేశాయి. నొప్పి రాగానే నాలుక కింద పెట్టుకునే చిన్న మాత్ర ఒంట్లో అదే వాయువునిస్తుంది. ఆలస్యం చేయొద్దన్నాడు డాక్టర్.

మధ్యాహ్నం దాటాక అంతయ్య చెయ్యి ఛాతీ మీదికి పోయింది. ముఖం పాలిపోయి చెమటలు పట్టాయి. వెంటే వచ్చి పక్కన కూర్చున్న ఈరమ్మ కొంగుముడి విప్పి మాత్ర తీసింది. అతడు తల అడ్డంగా ఊపాడు.

"దీక్షల ఉన్న. నోట్లె ఏం పడొద్దు."

"ఇది మింగేది కాదయ్యా! నీకు దండం పెడ్త, నోరు తెరువు."

"నాలుక మీద పెట్టినా కింద పెట్టినా తిన్నట్టే."

ఆ మొండితనానికి కారణం టెంటులో అందరికీ తెలుసు. ముందురోజు దీక్షలో కూర్చుని చాటుగా మజ్జిగ తాగిన జంగయ్యను పట్టుకుని, 'దొంగ దీక్ష' అని నలుగురిలో నవ్వులపాలు చేసింది అంతయ్యే. ఆ జంగయ్య ఇప్పుడు ఎదురుగా నిలబడి చూస్తున్నాడు.

మందుకు దోషం లేదని టెంటు పెద్ద సీతారాములు నచ్చజెప్పాడు. అంతయ్య పెదాలు బిగించాడు. నొప్పి ఎడమ చేతిలోకి దిగింది. రోడ్డు మీద రాస్తారోకో, ఒక్క ఆటో లేదు.

జంగయ్య గబగబా వచ్చి అంతయ్య మెడలోని దండ తీసి తన మెడలో వేసుకున్నాడు.

"అన్నా, నీ జాగల నేను కూసుంట. ఇగ నువ్వు దీక్షల లేవు. నోరు తెరువు."

"నువ్వు... మల్ల మజ్జిగ తాగుతవ్‌రా."

"తాగుత. నువ్వు బతికొచ్చి పట్టుకో!"

అంతయ్య నోరు తెరిచాడు. ఈరమ్మ మాత్రను నాలుక కిందికి తోసి, అతని ముఖంలోకి చూసింది. ఛాతీ మీది చెయ్యి కాసేపటికి సడలింది. అంతలోనే "తల పలుగుతున్నదే" అని మూలిగాడు. నాళాలు వదులైనప్పుడు తలనొప్పి రావడం మామూలే. ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. కొత్త గండమేదో వచ్చిందని టెంటులోని వాళ్లను కేకేసింది.

నలుగురు అతన్ని బెంచీ మీద మోసుకుంటూ దవాఖాన దారి పట్టారు. ఈరమ్మ పక్కనే పరుగెత్తింది.

"మాట్లాడుతనే ఉండయ్యా. తిట్టినా సరే, ఊకోకు."

అంతయ్య జంగయ్యను తిట్టడం మొదలుపెట్టాడు.