జేబులోనే ఉండిపోయిన టెస్టర్

మా పెదనాన్న పోయారని మొన్న ఉదయం కొడవలూరు నుంచి కబురొచ్చింది. మా ఊరికి కరెంటు వచ్చిన కొత్తలో ఇళ్లకు తీగలు లాగిన మనిషి. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆయన పనితనం గురించే మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఆయన తలదించుకుని నిలబడటమే గుర్తొస్తోంది.

ఆ కొత్తలోనే పక్కింటి రైతు ఇంట్లో దీపం ఆరిపోయింది. పెదనాన్న వెళ్లి, హోల్డరుకు రెండు తీగలు తగిలించిన బల్బును బోర్డు దగ్గర పెట్టి చూశారు. వెలగలేదు.

"కరెంటు లేదు, ఆ తీగ పట్టుకోబ్బా" అన్నారు.

రైతు పట్టుకున్నాడు. కేక కూడా వేయలేకపోయాడు. పెదనాన్న చెక్క స్టూలుతో కొట్టి విడిపించేసరికి కుడిచెయ్యి కాలిపోయింది. ప్రాణం మాత్రం దక్కింది.

కరెంటు వచ్చే తీగ బాగానే ఉంది, తిరిగిపోయే తీగ ఎక్కడో తెగింది. అలా తెగితే రెండింటి మధ్య పెట్టిన బల్బు వెలగదు. మొదటి తీగకు ఆనించి చూసే టెస్టర్ అయితే అందులో కరెంటు ఉందని చెప్పేది. అది ఆయన జేబులోనే ఉంది.

మర్నాడు పెదనాన్న రైతు ఇంటికి వెళ్లి వాకిట్లో తలదించుకుని నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కావాలని చేసినావా అన్నా?" అన్నాడు రైతు.

"జేబులో చెయ్యి పెట్టేదానికి బద్దకించినాను" అన్నారు పెదనాన్న.

ఆ తర్వాత పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా ముందు ఈ సంగతే చెప్పేవారు. పెళ్లిపందిట్లో దీపాలు కడుతూ కూడా చెప్పేవారు. మేం సిగ్గుపడి లోపలికి వెళ్లిపోయేవాళ్లం.

"ఎంతమందికి చెప్పుకుంటావయ్యా?" అనేది పెద్దమ్మ.

"నేను చెప్పకపోతే ఆ రైతు చెయ్యి చెప్పదా?"

వచ్చినవాళ్లతో ఆయన అనే మాట ఒకటుంది. "బల్బు వెలగకపోతే వెలగలేదని చెప్పు. కరెంటు లేదని చెప్పబాక. అది టెస్టర్‌ను అడగాల. ఆ టెస్టర్ పనిచేస్తా ఉందా లేదా, ముందు కరెంటు ఉన్నచోట పెట్టి చూసుకో."

రైతు ఇంటికి మాత్రం వేరేవాళ్లను పంపేవారు. ఒక వానాకాలం గాలికి ఆ ఇంట్లో మళ్లీ దీపం పోయింది. రైతే వచ్చాడు. "నువ్వే రావాల" అన్నాడు.

పెదనాన్న వెంట నేనూ వెళ్లాను. ముందు టెస్టర్, తర్వాత బల్బు, ఫ్యూజు తీశాక మళ్లీ టెస్టర్. గాలికి ఊడిన తీగ కలిపి ఫ్యూజు మళ్లీ పెట్టారు. దీపం వెలిగింది. రైతు భార్య ఇద్దరికీ పక్కపక్కన అన్నం వడ్డించింది. పెదనాన్న ముద్ద కలపలేకపోయారు.

పక్క విస్తరిలో రైతు ఎడమచేత్తో పప్పు కలుపుకుంటూ, "తినన్నా, చల్లారిపోతుంది" అన్నాడు.