వాగులో తేలిన గిన్నెలు

మా మేనత్త చివరిసారి చేసిన పని గాజు గిన్నెలు కడగడం. చర్చిలో ప్రభువు బల్ల ఇచ్చేటప్పుడు ద్రాక్షరసం పోయడానికి వాడే, బొటనవేలంత చిన్న గిన్నెలు. శనివారం మధ్యాహ్నం చర్చి వెనక మెట్టు మీద కూర్చుని, ఒక్కోదాన్నీ ఎండకి ఎత్తి చూసి, చెక్క పళ్ళెంలో బోర్లించి బీరువాలో పెట్టింది. చర్చి ఊడ్చేదీ, గంట కొట్టేదీ ఆవిడే. అందరూ గిన్నెలమ్మ అనేవారు.

ఆ గాజువి అప్పటికే ఎప్పుడో మూలపడ్డాయి. సంఘపెద్ద ప్లాస్టిక్‌వి తెప్పించాడు. ద్రాక్షరసం తాగడం, గిన్నె సంచిలో పడేయడం, ఆ సంచిని చర్చి వెనక వాగులోకి విసరడం. మా అత్తతో సహా సగం సంఘం బాప్తిస్మం తీసుకున్న వాగు అది. ఇప్పుడు ముక్కు మూసుకోకుండా దాటలేం. గట్టుకి పట్టిన నల్లటి జిగురులో ఆ గిన్నెలు ఊడిన పళ్ళలా కనిపించేవి. అంతకంటే రోత, ఆ ఒడ్డునే ‘దేవుని సృష్టిని కాపాడుదాం’ అని ప్లాస్టిక్ బ్యానరు కట్టి ఫొటోలు దిగడం.

బ్యానరు కట్టిన ఆదివారం, పాస్టరుగారు ప్రార్థన చేశాక సంఘపెద్ద గిన్నెల పళ్ళెం పట్టుకొస్తే, అత్త చేయి చాపలేదు.

"ఏమ్మా, తీసుకోవా? ఎవరి మీదన్నా కోపమా?" అన్నాడు సంఘపెద్ద.

"నీ మీదే నాయనా. ప్రభువు రక్తమని చేతికిస్తావు, ఆ గిన్నే తీసుకెళ్ళి వాగు నోట్లో కుక్కుతావు. వాగుని ఎవరు చేశారు, మీ తాత చేశాడా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆయన మొహం మాడ్చుకుని, "మరి అన్ని గాజువి ఎవరు తోముతారు? మా ఆవిడా?" అన్నాడు.

"ఆవిడ దాకా ఎందుకు, నీకు చేతుల్లేవా?"

అప్పట్నుంచి బల్ల ఇచ్చినప్పుడల్లా ఆవిడ ఖాళీ చేతులతోనే కూర్చుంది. ఆ బల్లంటే ఆవిడకి ప్రాణం. పళ్ళెం పక్కనుంచి వెళ్తుంటే పెదాలు తడుపుకునేది.

"పంతం మానెయ్యత్తా," అని నేనంటే, "పంతం కాదురా, మింగుడు పడదు," అనేది.

గాజు గిన్నెలు కడిగిన ఆ శనివారం సాయంత్రమే ఆవిడ గుండె ఆగింది. మర్నాడు ఆరాధనలో అందరికీ బల్ల ఇచ్చారు, ప్లాస్టిక్ గిన్నెల్లోనే. తర్వాత సమాధి చేశాం. మీద పరిచిన ప్లాస్టిక్ పూలదండలు మొదటి వానకే వాగులో చేరాయి.

చాలాకాలానికి పాస్టరమ్మగారు మాటల మధ్యలో చెప్పారు. అత్త పోయిన మర్నాటి ఆదివారం బల్ల గాజు గిన్నెల్లోనే ఇద్దామని పాస్టరుగారు అత్తకి ముందే మాటిచ్చారట. కడగాల్సిన మనిషే పోయింది కదా అని, ఎవరూ బీరువా తెరిచి చూడలేదట.