పొట్లపాదు పక్కన పాతిన కుండ

మొన్న ఎండలు ముదిరాయని మా అబ్బాయి ఆన్‌లైన్‌లో ఒక మట్టికుండ తెప్పించాడు. ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను, ఒంటినిండా నీలం రంగు పూలు, కింద ఇత్తడి నల్లా, పైన చెక్క మూత. యాప్రాల్‌లో మా ఇంటికి వచ్చినవాళ్ళంతా దాన్ని మెచ్చుకుని ఫొటోలు తీసుకుని పోతున్నారు గానీ, అందులో నీళ్ళు మాత్రం ఎంతసేపటికీ చల్లబడవు. ఇంట్లో అందరూ ఎండను తిట్టుకుని ఊరుకున్నారు. నాకేమో చిన్నప్పటినుంచీ ఒక పాడు అలవాటు, ఏదైనా ఎందుకిలా అని తేలేదాకా ముద్ద దిగదు. లేచి వెళ్ళి కుండ పొట్టమీద అరచెయ్యి ఆనించి చూద్దును కదా, చుక్క తడి లేదు. ఓహో, నీకూ అదే జబ్బా తల్లీ, అనుకున్నాను. చెయ్యి ఇంకా తియ్యకముందే బోయిన్‌పల్లిలో మా పెరడూ, మా మామగారూ, ఆ ఏటి పొట్లపాదూ కళ్ళముందుకు వచ్చి నిలబడ్డాయి.

నేను కోడలిగా వెళ్ళేనాటికి బోయిన్‌పల్లిలో ఇళ్ళ వెనక ఇంకా కాస్తంత జాగా ఉండేది, ఆ జాగాలో మా అత్తగారి రాజ్యం నడిచేది. ఇప్పుడు సేంద్రియం అని పెద్ద పేరు పెట్టి సంచుల్లో అమ్ముతున్నారు గానీ, ఆవిడకు ఆ మాటే తెలియదు. బియ్యం కడిగిన నీళ్ళు వంకాయ మొక్కలకు, పొయ్యిలో బూడిద చిక్కుడు ఆకులమీదికి, పురుగు కనబడితే వేపాకు ఉడకబెట్టిన నీళ్ళు, అదీ కాకపోతే బాగా పులిసిన మజ్జిగ. ఆ మజ్జిగ చల్లిన రోజున పక్కింటి ఖాలమ్మ ముక్కు మూసుకుని గోడమీదుగా కేకలేసేది, సాయంత్రానికి మళ్ళీ ఆవిడే చెంబు పట్టుకుని వచ్చి తన గులాబీలకని జెర ఇమ్మని అడిగేది. కూరగాయల మార్కెట్ అంత దగ్గరుండగా ఈ చాకిరీ ఏందని మా మామగారు సణిగేవారు. ఆయన పెరట్లోకి రావడం బట్టలు ఆరేసే తీగవరకే, అది దాటితే ఏ మొక్క ఏదో కూడా ఆయనకు తెలియదు.

ఆయన సణుగుడులో ఏటా తప్పకుండా వచ్చేది కుండల సంగతి. ఎండాకాలం మొదట్లో అత్తగారు ఒకటి కాదు, రెండు కొత్త కుండలు కొనేది. ఒకటి వంటింట్లో తాగేనీళ్ళకు, రెండోది పొట్లపాదుకు. పాదు పక్కన గొయ్యి తీసి, కుండను మెడదాకా పాతి, నీళ్ళు నింపి మూతపెట్టేది. లోపలి నీళ్ళు మెల్లగా ఊరి మట్టిలోకి దిగుతుంటే వేళ్ళు తమకు కావలసినంత తాగేవి, ఎండకు ఆవిరైపోయేదేమీ ఉండేది కాదు. నల్లా వచ్చిన రోజు వచ్చి, రాని రోజు బోరింగ్ నీళ్ళే గతి అయిన ఆ కాలంలో అంతకన్నా మంచి ఉపాయం లేదు. పోయినేటి కుండ బంగారంలా ఉండగా మట్టిలో పాతడానికి కొత్తది ఎందుకే అని మామగారు ఏటా అడిగేవారు. ఆవిడ నవ్వేదే తప్ప జవాబు చెప్పేది కాదు.

ఒక చలికాలంలో ఆవిడ నాలుగు రోజుల జ్వరంతో వెళ్ళిపోయింది.

మామగారు ఏడవలేదు. పొద్దున్నే లేచి పెరట్లోకి వెళ్ళి వెనకగోడ ముందు నిలబడేవారు. ఆ గోడమీద ఎండిన పేడముద్ద ఒకటుంది, దానిమీద అత్తగారి అయిదు వేళ్ళ అచ్చు. ఎర్రగా పండిన పొట్లకాయ గింజలను పేడలో కలిపి గోడకు కొట్టి దాచడం ఆవిడ పద్ధతి, పురుగు పట్టదని. ఆ గింజలు ఆవిడ పెళ్ళినాడు పుట్టింటినుంచి కొంగున కట్టుకుని తెచ్చుకున్న రకం, కాయ సన్నగా, తెల్లటి చారలతో, ఉట్టి ఉప్పు వేసి వండినా కమ్మగా ఉండేది. అది మార్కెట్లో దొరకదు, ఇంకెవరి దగ్గరా లేదు. ఉన్న గింజలన్నీ ఆ ముద్దలోనే ఉన్నాయి. విత్తాలంటే ముద్ద పగలగొట్టాలి, పగలగొడితే ఆ వేళ్ళ అచ్చు పోతుంది. పోనీ అని వదిలేస్తే గింజ ముసలిదై మొలకెత్తడం మానేస్తుంది.

ఎండలు మొదలైనాక ఒకరోజు, అత్తగారిని ఆపా అని పిలిచే ఖాలమ్మే గోడమీదుగా కదిపింది. “భాయ్‌సాబ్, గోడకున్నదాన్ని ఎన్నిరోజులు సూస్తరు? ఆపా గింజలు దాచింది సూసుకుంటందుకు కాదు, పెట్టుకుంటందుకు.”

ఆ సాయంత్రం మామగారు చాకు తెచ్చి ముద్దను మెల్లగా గీకి తీసి, పొడిచేసి, ఆ పొడితో సహా పాదులో పోశారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ కళ్ళు తుడుచుకున్నాను.

మొలిచినవి కొన్నే, వాటిలో ఉడతలు కొరకగా మిగిలింది ఒక్కటి. ఇక చూడాలి ఆయన హడావుడి! బట్టల తీగ దాటని మనిషి తెల్లారేసరికి పాదు దగ్గర గొంతుక్కూచునేవారు. తడిపిన గోనెసంచి నీడగా కట్టారు, బూడిద చల్లారు, వేపాకు నీళ్ళు చల్లారు. వంటింటి మూలనున్న పోయినేటి కుండ తెచ్చి అత్తగారు పాతినట్టే మెడదాకా పాతి నీళ్ళు నింపారు. ఆ ఏడు తాగేనీళ్ళకు ఒక్క కొత్తకుండే కొని, పాదుకు ఉన్నదాన్నే సరిపెట్టానని ఆయనకు కాస్త గర్వం కూడా.

అయినా తీగ వాడిపోసాగింది. మూడో ఆకు అంచులు మాడాయి, కొస వేలాడిపోయింది. ఆయన రోజూ మూత తీసి చూసేవారు, కుండ నిండుగానే ఉండేది. “నీళ్ళు మస్తుగున్నయి బిడ్డా, దానికే తాగబుద్ధి అయితలేదు,” అని నాతో అన్నారు ఒకరోజు. ఆ గొంతు విన్నాక నాకు అన్నం సహించలేదు. ఆయన తిండి కూడా సగమైంది. ఈ తీగ పోతే ఆయనకు అత్తగారు రెండోసారి పోయినట్టేనని నాకు తెలుసు.

బడికి సెలవులు, నేను పంతులమ్మను, ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం నీళ్ళు తాగుదామని వంటింట్లో కొత్తకుండ దగ్గరికి వెళ్తే, దాని కిందనున్న ఇసుకలో పచ్చగా ఏదో కనబడింది. వంగి చూస్తే మెంతి మొలకలు! పోపులడబ్బాలోంచి ఎప్పుడు రాలాయో ఏమో, ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే లేచి నిలబడ్డాయి. అరె, వీటికి నీళ్ళెవరు పోశారు? కుండే పోసింది. దాని పొట్ట తడితడిగా చెమర్చి ఉంది, అందుకేగా నీళ్ళు చల్లగా ఉన్నాయి. మరి పెరట్లో కుండ ఎందుకు పొయ్యడం లేదు? అలా ఇసుకముందే కూలబడి ఆలోచిస్తుంటే, పోయినేడు ఎండాకాలం చివర్లో మావారు ఆ పాత కుండ నీళ్ళు తాగి, ఏందీ గిట్ల వేడిగున్నయి అని విసుక్కోవడం గుర్తొచ్చింది. చల్లబడలేదంటే చెమర్చలేదు. చెమర్చని కుండ మొక్కకు మాత్రం నీళ్ళెలా ఇస్తుంది? బోరింగ్ నీళ్ళ ఉప్పు ఏడాదిపాటు పేరుకుని దాని కన్నాలన్నీ మూసేసింది, ఇప్పుడు మా అబ్బాయి తెచ్చిన కుండకు ఆ నీలం రంగు మూసినట్టే. అంత నీటి పక్కన ఆ తీగ దాహంతో చస్తోంది!

పరుగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. ఆయన పాత కుండ పక్కన మట్టి తీసి, దాని ఒంటికి అరచెయ్యి ఆనించారు. తర్వాత వంటింట్లోకి వచ్చి కొత్తకుండ మీద అదే చెయ్యి పెట్టారు. చాలాసేపు తియ్యలేదు. “ఏటా రెండు కుండలు ఎందుకే అని కొట్లాడిన గానీ, ఆమె నవ్వితే గమ్మున ఊకున్న. జెర కూసోబెట్టి సమజ్ చేసుకోలే బిడ్డా,” అన్నారు. అన్నాక ఏడ్చారు, పోయినప్పుడు ఏడవంది అంతా.

తాగేనీళ్ళు ఒంపేసి ఆ కొత్తకుండను ఆయనే మోసుకెళ్ళి పాతారు. మళ్ళీ కుండ కొనేదాకా మేము స్టీలు బిందెలో వేడినీళ్ళే తాగాం, ఒక్కరూ నోరెత్తలేదు. మర్నాడు మూత తీస్తే నీళ్ళు జానెడు దిగాయి. ఆయన నన్ను కేకేసి మరీ చూపించారు, పరీక్ష పాసైన పిల్లాడిలా. వారం తిరక్కుండా కొస లేచింది, పందిరెక్కింది, సాయంత్రాలు కుచ్చుల్లాంటి తెల్లటి పూలు విచ్చుకునేవి. కాయలు వంకర పోకుండా అత్తగారిలాగే కొసకు రాయి కట్టారు. మొదటి కాయ వండుకోలేదు, ఎర్రగా పండనిచ్చి గింజలు తీశారు. పేడంటే మొహం తిప్పుకునే మనిషి పక్కవీధి బర్రెల పేడ తానే తెచ్చి, గింజలు కలిపి, గోడమీద పాత ముద్ద మరక ఉన్నచోటే కొట్టారు. ఆయన వేళ్ళు పెద్దవి, అచ్చు మరకను దాటి బయటికొచ్చింది.

తర్వాత చాలా ఏళ్ళు ఆ గోడమీద ఆయన చెయ్యి, ఆయన పోయాక నా చెయ్యి. ఇప్పుడీ యాప్రాల్ ఇంటి వెనక కూడా అదే పొట్లపాదు ఉంది, దాని పక్కన ఏటా కొత్తకుండ ఉంటుంది. కానీ ఈ గోడల నున్నటి రంగుకు పేడ అంటదు, అంటినా ఇంట్లో ఊరుకోరు. గింజలు ప్లాస్టిక్ డబ్బాలో ఫ్రిజ్‌లో పెడుతోంది మా కోడలు, మొలక బాగానే వస్తోంది, వంక పెట్టడానికి లేదు. డబ్బా తీసిన ప్రతిసారీ నేను మాత్రం దాని మూతను తిప్పి తిప్పి చూస్తాను, ఏ వేలి గుర్తైనా ఉందేమోనని.